బేబి పిక్కకో యంత్రం

అరకులోయలో వలిసె పూల మడులు దాటాక వచ్చే బాలికల క్రీడా ఆశ్రమ పాఠశాలకు ఒక మసాజ్ గన్ కావాలని వ్యాయామ ఉపాధ్యాయురాలు ఉమామహేశ్వరి రాసుకున్న అర్జీని పైవారు ఎంతో సహృదయంతో స్వీకరించారు. అంత సహృదయంతో స్వీకరించిన అర్జీని వెంటనే మంజూరు చేసేస్తే చులకనగా ఉంటుంది గనక దాని మీద ఒక కమిటీ వేశారు.

అర్జీలో విషయం చిన్నదే. తొమ్మిదో తరగతి బేబి మూడు వేల మీటర్లు పరిగెత్తుతుంది. నవంబరు ఇరవై ఎనిమిదిన విజయనగరంలో రాష్ట్ర జట్టు ఎంపిక. మొదటి నలుగురిలో వస్తే పెద్ద హాస్టల్లో చోటు, కోచింగు, డిగ్రీ దాకా చదువు. రాకపోతే వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది, పదో తరగతి అయ్యాక హుకుంపేట పైన వాళ్ల కాఫీ తోట ఎలాగూ ఉంది. బేబి కుడి పిక్క మాత్రం పదిహేను రోజులుగా బిగుసుకుపోయి ఉంది. పరుగు చివర కాలు కొద్దిగా పక్కకు పడుతోంది. ఆ తేడా ఉమామహేశ్వరి కంటికి తప్ప ఇంకెవరికీ ఆనదు. చాప మీద చీమ నడిచినా కనిపెట్టే కన్ను ఆమెది. ఫోన్లో వీడియోలు చూసి, ఇలాంటి కండరానికి మసాజ్ గన్ మంచిదని తెలుసుకుని, ఒక్కటి చాలు, మామూలుది చాలు అని రాసింది.

కమిటీ అధ్యక్షులు సర్వేశ్వరరావుగారు. మైదాన ప్రాంతం నుంచి బదిలీ మీద కొండెక్కిన పెద్ద అధికారి. సభ్యులు ఇద్దరు, సూపరింటెండెంటు లక్ష్మీప్రసాద్‌గారు, కుర్ర ఇంజనీరు ఫణీంద్ర. ముగ్గురికీ క్రీడలంటే ప్రాణం. పాఠశాల ఇండోర్ హాల్లో రోజూ ఉదయం షటిల్ ఆడతారు. వారి ఆటకు అడ్డం రాకూడదని పిల్లలు ఆరింటికల్లా హాలు ఖాళీ చేసి, మంచులో బయట కసరత్తు చేసుకుంటారు. ఆట అయ్యాక వచ్చే ఒళ్లునొప్పులు ఎలా ఉంటాయో స్వయంగా ఎరిగినవారు కనక ఈ పనికి ఇంతకన్నా తగినవారు దొరకరు.

మొదటి సమావేశంలో పేరు మార్చారు. ఏజెన్సీ ఫైళ్లలో గన్ అనే మాట తిరగడం శ్రేయస్కరం కాదని, ఇకపై దానిని ‘కండర సడలింపు యంత్రం’ అని వ్యవహరించాలని తీర్మానించారు. టీ, బజ్జీలతో సమావేశం ముగిసింది.

రెండో సమావేశం నొప్పిని నిర్వచించింది. నొప్పి రెండు విధాలు, క్రీడానొప్పి, పనినొప్పి. యంత్రం క్రీడల పద్దు కింద వస్తుంది కనక పనినొప్పికి వాడరాదు. “బస్తా మోస్తే వచ్చేదాన్ని నొప్పి అనకూడదు, అలవాటు అనాలి” అన్నారు అధ్యక్షులవారు. “రెండూ కలిపేస్తే రేపు కొండ మీదున్న ప్రతి ఆడమనిషికీ ఒక యంత్రం కొనివ్వాల్సి వస్తుంది.” ఆ ప్రమాదం తలచుకుని సభ్యులు గబగబా తలలూపారు. మూలన కూర్చున్న ఉమామహేశ్వరి కూడా తలూపింది. పద్ధతిగా జరిగే పనంటే ఆమెకు గౌరవం.

ఆ వారం శుక్రవారం సంతకు వచ్చిన బేబి తల్లి సోములమ్మ, కూతురిని చూసిపోదామని బడికి వచ్చింది. బేబి అరుగు దిగుతుంటే ఒక్కసారి చూసి, పిల్లను అక్కడే కూర్చోబెట్టి పిక్క పట్టుకుంది. ఆమె ఏ వీడియో చూడలేదు గాని ఆ తేడా ఆమె కంటికీ ఆనింది.

“ఏటి మేడమ్మా, మా గుంట పిక్క రాయైపోనాది. మాకో కబురు సెప్పొద్దా?”

“మీకెందుకమ్మా శ్రమ? యంత్రం వస్తోంది.”

“వచ్చినప్పుడు రానీ. అందాక నాలుగు దినాలు నా దగ్గిర ఒగ్గీండి. వలిసె నూనె కాసి రాసి, మెల్లగా తొక్కితే సడలిపోద్ది. కాపీ బస్తాలు దించినాక మేమందరం ఒకరికొకరం తొక్కుకుంటాం. లేపోతే తెల్లారి కొండెక్కలేం.”

అది వాళ్ల ఊళ్లో ఉన్న ఆచారమే. కాఫీ కోతల రోజుల్లో, బరువు దించిన ఆడవాళ్లు అరుగు మీద వరసగా బోర్లా పడుకుంటారు. ఒకామె గోడ పట్టుకుని వాళ్ల పిక్కల మీద మడమతో నడుస్తుంది. తర్వాత ఆమె పడుకుంటుంది, ఇంకొకామె లేస్తుంది. ఎంత బరువు వెయ్యాలో కింద పడుకున్నామె మూలుగును బట్టి తెలుస్తుంది.

“తొక్కడమేమిటమ్మా! నరం దెబ్బతింటే ఎవరిది బాధ్యత? దీనికి మిల్లీమీటర్ల లెక్క ఉంటుంది” అంది ఉమామహేశ్వరి.

సోములమ్మ తన పాదాల వంక చూసుకుంది. “నా కాలికి మిల్లీమీటర్లు లేవు మేడమ్మా.”

“అమ్మా, ఊరుకోయే. పోటీ ఉంది, సెలవు ఇవ్వరు” అంది బేబి తలొంచుకుని.

“ఊరుకుంటానులే. యంత్రం బేగి తెప్పించండి మరి” అని సోములమ్మ సంతలో అమ్మడానికి తెచ్చిన నూనె సీసాల్లో ఒకటి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. శాస్త్రీయంగా ఆమోదం లేని పదార్థం కనక ఆ సీసాను ఉమామహేశ్వరి బీరువాలో పెట్టి తాళం వేసింది. పిల్ల క్షేమం కోరే వేసింది.

ఇక పరీక్షల ఘట్టం. నమూనాకని మూడు యంత్రాలు వచ్చాయి. మొదటిది లోతుగా కొడుతుంది గాని, కాఫీ పళ్లు ఒలిచే మిషనంత చప్పుడు. రెండోది పిల్లి నడకలా మెత్తన, కాని కాస్త గట్టిగా అదిమితే అలిగి ఆగిపోతుంది. మూడోదానికి ఎనిమిది తలలు. గుండ్రటిది, చదునుది, చీలికలున్నది, ఇంకా దేనికో ఆ కంపెనీవారికే తెలియాల్సినవి. ఫణీంద్ర ఇరవై మూడు గడుల పట్టిక గీశాడు. నిమిషానికెన్ని దెబ్బలు, చార్జింగు ఎంతసేపు, పట్టుకున్న చేతికి ఎంత నొప్పి, అన్నీ అందులో ఉన్నాయి. ఎవరి కాలికి అన్న గడి మాత్రం చోటు చాలక మానేశాడు.

నొప్పి లేనిదే పరీక్ష కుదరదు కనక అధికారులు త్యాగబుద్ధితో నొప్పి సంపాదించుకోసాగారు. పొద్దున్న ఒక ఆట ఆడేవారు మూడు ఆడారు. హాలు ఎనిమిదింటి దాకా వారి చేతిలోనే ఉండిపోయింది. తర్వాత గంటసేపు కుర్చీల్లో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, మూడు యంత్రాలనూ వంతులవారీగా తొడల మీద ఆడించి అభిప్రాయాలు రాశారు. “పరవాలేదు. మరికొంత కాలం పరిశీలించవలసి ఉన్నది” అన్నదే రోజూ వచ్చే అభిప్రాయం.

ఆపైన ఇంటి పరీక్షలు. లక్ష్మీప్రసాద్‌గారు రెండో యంత్రాన్ని ఇంటికి తీసుకెళ్లారు. ఆయన భార్య భాను అంతకు ముందురోజే గ్యాస్ సిలిండరు వాకిట్లోంచి వంటింట్లోకి ఒక్కతే లాక్కుని నడుము పట్టేసి ఉంది. “ఇటోసారి పెట్టండి” అని అడిగింది. నిర్వచనం ప్రకారం ఆవిడది పనినొప్పి అవడం వల్ల లక్ష్మీప్రసాద్‌గారు ఒప్పుకోలేకపోయారు. నియమం నియమమే, భార్యకైనా. మర్నాడు ఆయన స్నానానికి వెళ్లినప్పుడు భాను దానితో దిండ్ల దుమ్ము దులిపింది. ‘దిండ్లపై సంతృప్తికరం’ అని ఆ సంగతి కూడా పట్టికలో చేరింది.

నవంబరు పదిహేను దాటింది. బేబి మెట్లు దిగేటప్పుడు పక్కనున్న కమ్మీ పట్టుకుంటోంది. ఉమామహేశ్వరి కమిటీకి గుర్తు చేసింది.

“తొందరపడి కొనేస్తే పిల్లల భవిష్యత్తు ఏమవుతుందమ్మా?” అన్నారు సర్వేశ్వరరావుగారు, ఎడమ తొడ మీద యంత్రం ఆపకుండానే. “అసలు లబ్ధిదారుల్ని గుర్తించే పని మిగిలే ఉంది. ఎంతమందికి ఎంత నొప్పి ఉందో లెక్క తేలాలి గదా.”

లెక్క తేల్చడానికి ఇరవయ్యో తారీఖున ముగ్గురూ బడికి వచ్చారు. నలభై మంది పిల్లల్ని వరసలో నిలబెట్టారు. సున్నా నుంచి పది దాకా ఎవరి నొప్పి వారు చెప్పాలి. నొప్పి లేకపోతే సున్నా, ప్రాణం పోతున్నట్టుంటే పది.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి మనవి చేయాలి. ఆ బళ్లో ఉమామహేశ్వరి నాలుగేళ్లుగా కట్టుదిట్టంగా నడుపుతున్న పద్ధతి ఒకటుంది. రోజూ పొద్దున్న పరుగుకు ముందు “నొప్పి ఉన్నవాళ్లు పక్కకు వచ్చి కూర్చోండి” అంటుంది. ఎవరూ రారు. పక్కన కూర్చున్నవాళ్ల పేరు ఆ సాయంత్రానికి జట్టులో ఉండదని అందరికీ తెలుసు. సాకులు చెప్పే అలవాటు పోవాలని పెట్టిన పద్ధతి అది. బాగా పనిచేసింది కూడా. నాలుగేళ్లుగా ఆ బళ్లో ఎవరికీ నొప్పి లేదు.

“సున్నా సార్.” “సున్నా సార్.” “సున్నా సార్.” వరస గుణింతం చెప్పినట్టు సాగింది. ఫణీంద్ర సున్నాలు చుట్టుకుంటూ పోయాడు. బేబి వంతు వచ్చింది.

“సున్నా సార్.”

“మెట్లు దిగేటప్పుడు?” అడిగాడు ఫణీంద్ర.

“లేదు సార్.”

ఉమామహేశ్వరి అధికారుల వెనక నిలబడి పిల్ల వంక కళ్లు పెద్దవి చేసి చూసింది, చెప్పవే అన్నట్టు. మేడమ్ కళ్లు పెద్దవి చేస్తే అర్థం ఏమిటో బేబికి నాలుగేళ్ల నుంచి తెలుసు. ఇంకా నిటారుగా నిలబడింది.

“బేబీ, పరవాలేదు. నిజం చెప్పు” అంది ఉమామహేశ్వరి.

కిందటేడు ఇదే గొంతుతో, ఇదే మాట అంటే నమ్మి, యర్రమ్మ అనే పిల్ల మోకాలి నొప్పి సంగతి నిజం చెప్పింది. ఆ పిల్ల ఇప్పుడు వాళ్ల ఊళ్లో మేకలు కాస్తోంది. బేబి ఉమామహేశ్వరి కళ్లలోకి సూటిగా చూసి, “నిజంగానే లేదు మేడమ్” అంది. కుడికాలి మీద రెండుసార్లు గెంతి చూపించింది కూడా.

సర్వేశ్వరరావుగారి కళ్లు చెమర్చాయి. “చూశారా!” అన్నారు. “ఈ గాలి, ఈ నీరు, ఈ చోడి అంబలి! మనం నాలుగు ఆటలు ఆడితే లేవలేం. వీళ్ల ఒంట్లో నొప్పి అనే పదార్థమే లేదు. ఈ స్వచ్ఛతను యంత్రాలతో పాడుచేసే హక్కు మనకెక్కడిది? కొండబిడ్డల్ని కొండబిడ్డల్లాగే ఉండనిద్దాం.” పిల్లలు చప్పట్లు కొట్టారు. కొట్టమన్నారు గనక.

“సార్, ఆ పిల్లకు నిజంగానే పిక్క...” అంటూ ఉమామహేశ్వరి ముందుకు వచ్చింది.

“పిల్ల లేదంటుంటే మీరు ఉందంటారేమిటమ్మా?” అన్నారు లక్ష్మీప్రసాద్‌గారు ఆప్యాయంగా. “పోనీ ఉందనుకుందాం. రాసేస్తాం. కాని నొప్పి ఉన్న పిల్లను పోటీకి పంపకూడదే! ఎలా రాయమంటారు?”

ఉమామహేశ్వరి సున్నా అనే రాయమంది.

లబ్ధిదారులు ఎవరూ లేరని నివేదిక తయారైంది. అయినా యంత్రానికని కేటాయించిన సొమ్మును వెనక్కి పంపితే ప్రభుత్వాన్ని అగౌరవపరచినట్టు అవుతుంది కనక ఎనిమిది తలల యంత్రాన్నే కొని, క్రీడానొప్పి రుజువైన ముగ్గురి వాడకం కోసం షటిల్ హాల్లో ఉంచారు. పెట్టె మీద ‘గిరిజన బాలికల కండర సంక్షేమం’ అని అందంగా రాయించారు.

ఇరవై ఎనిమిదిన విజయనగరంలో బేబి పరిగెత్తింది. ఏడున్నర చుట్లలో అయిదు చుట్లు రెండో స్థానంలో ఉంది. ఆరో చుట్టు మలుపులో పిక్కలో ఏదో తెగింది. మిగతా దూరం ఒంటికాలి మీద బరువు వేసుకుని, ఈడ్చుకుంటూ పూర్తి చేసి, పదకొండో స్థానంలో గీత దాటి కూలబడింది. డాక్టరు వచ్చి పిక్క నొక్కి చూశాడు.

“ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా ఇది?”

బేబి మేడమ్ వంక చూసింది. ఉమామహేశ్వరి నోరు తెరిచింది. నెలన్నర నుంచి అని చెప్పాలి. చెబితే, తెలిసీ ఎందుకు పరిగెత్తించారని అడుగుతారు. నోరు మూసుకుంది.

“ఇప్పుడే సార్” అంది బేబి.

‘పరుగులో ఆకస్మిక గాయం’ అని డాక్టరు రాసిన కాగితం కింద ఉమామహేశ్వరి సంతకం చేసింది.

బేబి పళ్లు బిగించి, కాలీడుస్తూ గీత దాటుతున్న ఫొటో మర్నాడు పేపర్లో వచ్చింది. ‘నొప్పిని జయించిన కొండమల్లి’ అని శీర్షిక. సర్వేశ్వరరావుగారు దాన్ని వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకున్నారు. మన ఫోన్లకూ వచ్చింది. మనం కూడా రెండు దండాల బొమ్మలు చేర్చి, మన పిల్లలు చూసి నేర్చుకోవాలని పదిమందికి పంపించాం. ఆ పిల్లకు కాలు ఎలా ఉందని మాత్రం ఎవరం అడగలేదు. అడగనక్కర్లేదు కూడా. అడిగితే ఏం చెప్పాలో నేర్పే ఉంచాం.