ఎనభై కిలోల ప్రమాణం

ఆ ఉదయం కుర్చీల ఫ్యాక్టరీ క్వాలిటీ ఆఫీసరు రెండు పనులు ఒకే దెబ్బకు తేల్చేద్దామనుకున్నాడు. మొదటిది, ప్లాస్టిక్ కుర్చీ ఎంత బరువు మోయాలో నాలుగు కంపెనీలూ కలిసి ఒప్పుకోవలసిన ప్రమాణం. రెండోది బావమరిది. మొదటిది జీతం కోసం, రెండోది ప్రాణం కోసం. ఉద్యోగం వెతుక్కుంటానని వచ్చిన ఆ మహానుభావుడు హాల్లో ఆఫీసరు పడక్కుర్చీలో తిష్ట వేసి, లేవడమే మానేశాడు.

"ఇవాళ వీణ్ణి మా కమిటీ ఛైర్మన్‌కి చూపిస్తా. ఏదో ఒక పని ఇప్పిస్తే వేరే గది చూసుకుంటాడు," అన్నాడు భార్యతో.

"పాపం, ఒక్కడూ ఏం తింటాడండీ?" అందావిడ.

"ఏదైనా తింటాడు. అందులో మాత్రం వాడికి వంక పెట్టలేం."

కమిటీ వేళకే ఫ్యాక్టరీకి వచ్చింది. కంపెనీకొక ఇంజనీరు చొప్పున నలుగురు, పైన ఛైర్మన్. అంతకు ముందు ఒక్క స్క్రూ గురించి నెలల తరబడి కొట్టుకున్న ఘనులు వాళ్ళు. పరీక్షకు ఎనభై కిలోల ఇసుక మూట సిద్ధంగా ఉంది. తీరా దాన్ని కుర్చీ మీదికి ఎత్తుతుంటే కుట్లు విడిపోయి, ఇసుకంతా ఛైర్మన్ బూట్లలోకి పోయింది.

"ఇంకో మూట లేదా?"

"సాయంత్రానికల్లా..." అంటూ ఆఫీసరు నీళ్ళు నమిలాడు.

"మధ్యాహ్నమే నా రైలు," అని ఛైర్మన్ బూట్లు దులుపుకుంటూ, గుమ్మంలో నిలబడ్డ బావమరిదిని ఎగాదిగా చూశాడు. "నువ్వెంతుంటావోయ్?"

తూకం మీదికి ఎక్కిస్తే సరిగ్గా ఎనభై. ముసాయిదాలో బరువు అనే ఉంది, అది ఏ సరుకో ఎవరూ రాయలేదు. కూర్చోమన్నారు. ఆ మాట అతనికి రెండోసారి చెప్పవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. కాలు మీద కాలు వేసి, వెనక రెండు కాళ్ళ మీద కుర్చీని ఊపసాగాడు.

"ఊగడం ముసాయిదాలో లేదే!" అన్నాడు రెండో కంపెనీ ఇంజనీరు.

"జనం కూర్చునేది ఇలాగే. రాసుకోండి," అన్నాడు ఛైర్మన్.

రాసుకున్నారు. ఓ కాలు కుర్చీ చేతి మీద పడేశాడు. అదీ రాసుకున్నారు. చివరికి గురక పెట్టాడు. పరీక్ష ముగిసేదాకా బరువును కదపకూడదు గనుక, మిగతా చర్చంతా గుసగుసల్లోనే సాగింది. కుర్చీ చెక్కుచెదరలేదు.

"మా దగ్గర ఇంకొకణ్ణి కూర్చోబెడితే ఇలా ఊగుతాడా?" అన్నాడు మూడో ఇంజనీరు. "మరి అది ప్రమాణమెలా అవుతుంది? నాలుగు చోట్లా ఇతనే కూర్చోవాలి."

అందరూ ఔనన్నారు. అది కమిటీకే కొత్త. నాలుగు కంపెనీలూ కలిసి జీతమిస్తాయని రాశారు. ఆఫీసరుకు పీడ విరగడైనంత సంతోషమైంది. అందరికన్నా ముందు తనే సంతకం పడేశాడు.

"దగ్గర్లోనే ఇతనికో గది చూసి పెడతానండీ," అన్నాడు ఉత్సాహంగా.

"గదేమిటయ్యా? ఆఖరి నిబంధన మీరు రాసిందేగా!" అని ఛైర్మన్ కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "ప్రమాణ బరువు పెరగరాదు, తరగరాదు. దాన్ని అలవాటైన చోటనే, అలవాటైన పరిస్థితుల్లోనే క్వాలిటీ ఆఫీసరు స్వయంగా భద్రపరచాలి."

ఆఫీసరు గబుక్కున కాగితం మీదికి వంగాడు. "అయ్యో, అది మూట కోసం రాశానండీ!"

"మార్చాలంటే మళ్ళీ ఈ నలుగురూ ఒప్పుకోవాలి," అన్నాడు ఛైర్మన్. ఆఫీసరు ఆ నలుగురి మొహాలూ చూశాడు. అప్పటికే వాళ్ళు టీ ఎవరికి ముందివ్వాలన్న దాని మీద తగువులాడుకుంటున్నారు.

సాయంత్రం భార్య సంబరం అంతా ఇంతా కాదు. తమ్ముడి పళ్ళెంలో మారు వడ్డిస్తూ, "తగ్గాడంటే మీ ఉద్యోగానికే ముప్పుటగా!" అంది. బావమరిది పడక్కుర్చీలో వెనక్కి వాలాడు.

"బావా, ఈ ఉద్యోగం పర్మనెంటేనా?"

"అయిదేళ్ళకోసారి సమీక్షిస్తారు," అన్నాడు ఆఫీసరు, నేల మీద చాప సర్దుకుంటూ.