భయం రద్దయిన అడవి

ఒక పెద్ద అడవిలో, అంటే మరీ అంత పెద్దదేం కాదు గాని సొంతంగా సర్కారున్నది కాబట్టి పెద్దదనే అనాలి, వరాలమ్మ అనే కుందేలు ఉండేది. ఆవిడ మొగుడు గవర్రాజు వట్టి పిరికిపంద. ఆకు రాలినా బొరియలోకి దూరేవాడు. వాగు దగ్గర చిరుతపులి తిరుగుతోందని తెలిశాక నీళ్లకు కూడా బయటికి రావడం మానేశాడు. నాలుక పిడచకట్టుకుపోయి, రోజురోజుకీ చిక్కి సగమైపోయాడు.

చూసి చూసి వరాలమ్మకు కడుపు తరుక్కుపోయింది. తిన్నగా అడవి సభకు వెళ్లింది.

"అయ్యా, ఓట్లప్పుడు ఏం కావాలన్నా అడగమన్నారు. మా ఆయన భయం పోగొట్టండి, చాలు."

ప్రెసిడెంటు ఎలుగుబంటి మంచివాడే. అడిగినవాళ్లకు లేదని చెప్పడమే పాపం ఆయనకు చేతకాదు. మెడ గోక్కుంటూ కూర్చున్నాడు.

పై కొమ్మ మీద ముసలి కొండముచ్చు దగ్గాడు. "దీనికింత ఆలోచనెందుకండీ? వాగు గట్టున చెట్టెక్కి నేను కూర్చుంటాను. చిరుత కనబడితే అరుస్తాను, అందరూ తప్పుకుంటారు. నాకు రోజూ నాలుగు పళ్లు పడేయండి."

"నాలుగు పళ్ల పనికి సర్కారెందుకయ్యా?" అన్నాడు కార్యదర్శి నక్క. "జనం మన దగ్గర పెద్దవి ఆశిస్తారు. అసలు భయాన్నే రద్దు చేసేద్దాం."

ఆ తీర్మానాన్ని లేచి బలపరిచింది ఎవరనుకున్నారు? సభ్యులు చిరుతపులిగారే. "చిన్నజీవులు నన్ను చూసి పారిపోతుంటే మనసుకెంత కష్టంగా ఉంటుందో మీకు తెలీదు," అంటూ కళ్లు ఒత్తుకున్నాడు. సభంతా చప్పట్లు కొట్టింది.

చట్టం వచ్చేసింది. ఇకమీదట ఎవరూ భయపడకూడదు. పరిగెత్తినా, వణికినా శిక్ష. చెట్టెక్కి అరిచి నలుగుర్నీ భయపెడితే ఇంకా పెద్ద శిక్ష. కొండముచ్చు నోరు అలా మూతపడింది.

గవర్రాజుకు సర్కారు మాటంటే మహా గురి. "భయం రద్దయిందటే," అంటూ చెవులు నిక్కించుకుని బయటికొచ్చాడు. వరాలమ్మ పొంగిపోయింది. వాగు దగ్గర మొగుడు కడుపారా నీళ్లు తాగుతుంటే చూసి, సర్కారుకు మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

అంతలో పొదలోంచి సభ్యులుగారు వచ్చారు.

వరాలమ్మ కాళ్లు వాటంతటవే లేచాయి. గవర్రాజు కదల్లేదు.

"ఏమయ్యా, రా."

"పరిగెత్తడం నేరం కదే."

"నిలబడితే ఆయన నోట్లో పడతావు. రావయ్యా."

"చట్టం చేయించింది నువ్వేగా," అన్నాడు గవర్రాజు.

ఆ మాట వరాలమ్మకు గుండెల్లో గుచ్చుకుంది. అయితే ఏడవడానికి అది వేళ కాదు. మొగుడి చెవి పళ్లతో కరిచి పట్టుకుని ఈడ్చుకుపోయింది. చిరుత పంజాకు గవర్రాజు తోక బొచ్చు మాత్రమే దక్కింది.

మర్నాడు విచారణ. "వీళ్లు పరిగెత్తారు. నా మనసు గాయపడింది, అదీ భోజనం వేళ," అని చిరుత మొరపెట్టుకున్నాడు. ముద్దాయిలు చిరుత ఎదుట కదలకుండా నిలబడాలని నక్క హుకుం జారీ చేశాడు. గవర్రాజు రాయిలా నిలబడ్డాడు. వరాలమ్మకు ఈసారి మొగుణ్ణి కాపాడుకోగలనన్న ఆశ లేదు.

అప్పుడు వినబడింది, రేచుకుక్కల ఈల. పులినైనా చుట్టుముట్టి చీల్చే అడవికుక్కల గుంపు అది. కన్ను మూసి తెరిచేలోగా చిరుత చిటారు కొమ్మన ఉన్నాడు. ప్రెసిడెంటు పొదలో తల దూర్చాడు. నక్క కలుగులోంచి, "ముద్దాయిలు వెళ్లకూడదు, తీర్పు ఇంకా కాలేదు," అంటున్నాడు.

గవర్రాజు తలెత్తి చూశాడు. "అయ్యా, తమరు చెట్టెక్కారేమిటి?"

"భయంతో కాదు," అన్నాడు చిరుత, పళ్లు టకటకా కొట్టుకుంటుండగా. "తనిఖీకి."

 గవర్రాజు పెళ్లయ్యాక మొదటిసారి సర్కారు వైపు గాక పెళ్లాం వైపు చూశాడు.

"ఏమే, మనమూ తనిఖీకి వెళ్దామా?"

వెళ్లారు. ఎలా వెళ్లారంటే, వెనక దుమ్ము తప్ప మరేమీ కనబడలేదు.

చట్టం ఇప్పటికీ అమలులోనే ఉంది. అడవిలో భయం బొత్తిగా పోయిందనీ, తనిఖీలు మాత్రం బాగా పెరిగాయనీ ప్రెసిడెంటుగారు ప్రతి సభలోనూ సంతోషంగా చెబుతుంటారు.

నీతి: భయాన్ని సర్కారు రద్దు చేయగలదు, పరుగు మాత్రం ఎవరిది వాళ్లే తీయాలి.