అడుగులేని కుండ

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వేసవిలో, మొగుడు ఆమదాలవలస బయల్దేరిన పొద్దున్న, లక్ష్మణమ్మ వంటింటికి పొగగొట్టం పెట్టాలనుకుంది. నాట్ల దగ్గర గుక్క తిప్పుకోకుండా పాడే మనిషి, తన తాటాకు వంటింట్లో పొగకి దగ్గొచ్చి నాలుగు మాటలు వరసగా అనలేకపోయేది. వాళ్ళమ్మ అలాగే పొయ్యి ముందు దగ్గి దగ్గి పోయింది. పొగకి దారి పెట్టమంటే మొగుడు అప్పలసూరిది ఒకటే మాట.

"పొగ నేకపోతే కప్పుకి పురుగు పట్టేస్తాదే!"

పెళ్ళానికేం పడుతుందో ఆ మహానుభావుడు ఎప్పుడూ ఆలోచించలేదు.

లక్ష్మణమ్మ కొంగు బిగించి నిచ్చెనెక్కింది. పొయ్యికి పైన కప్పులో కన్నం చేసి, అడుగు ఊడగొట్టిన పాత కుండ అందులో కూర్చి, ఆకుకి సెగ తగలకుండా చుట్టూ మట్టి మెత్తింది. ఎవరూ నేర్పని పని. ఆ తెలివికి దండం పెట్టాలి. దిగి పొయ్యి రాజేసింది. కట్టెలు పచ్చివి కావడంతో ముందు ఆమెకి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, తర్వాత పొగ కుండ దారి పట్టింది.

పక్కింటి అసిరమ్మ తలెత్తి చూసింది.

"ఓలమ్మో! లక్ష్మణమ్మ ఇల్లు అంటుకుందిరో!"

తాటాకిళ్ళ వీధిలో ఆ కేక వింటే ఎవరూ ఏమిటని అడగరు. నిప్పు పక్కింటికి పాకకుండా ముందు కప్పు లాగేస్తారు. సోములు కొక్కెం కట్టిన వెదురుగెడతో వచ్చాడు. ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. తింటున్న ముద్ద వదిలేసి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఎంత మంచి జనం!

"కాదర్రా... అది..." అంది లక్ష్మణమ్మ. మిగతాది దగ్గులో కలిసిపోయింది.

"ఊపిరాడ్డం నేదు పాపం! బయటికి మోసుకొచ్చీండి!" అని అరిచాడు సోములు.

ఆమెకి మాట పెగిలేసరికి వంటింట్లోంచి ఆకాశం కనిపిస్తోంది. అసిరమ్మ చేతిలో కుండ మాత్రం మిగిలింది.

"ఇదేటే, దీనికి అడుగు నేదు?"

లక్ష్మణమ్మ చెప్పింది. వీధి వీధంతా తల దించుకుంది.

సాయంత్రం అప్పలసూరి గుమ్మంలోనే గుడ్లు తేలేశాడు. "నా కప్పేదే?"

కప్పులేని వంటింట్లో చేపల పులుసు కలుపుతున్న లక్ష్మణమ్మ అందుకుంది. వాళ్ళమ్మ చావు దగ్గర మొదలుపెట్టి, పెళ్ళినాటి నుంచీ మింగిన పొగంతా ఒక్క గుక్కలో కక్కేసింది. అతను కోపం మరిచిపోయి వింటూ నిలబడ్డాడు.

"ఒసే, ఇంతసేపు తిట్టినావు. దగ్గు రానేదేటే?"

ఆమె గరిటె ఆపేసింది. నిజమే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి పొగవి కావు.

అప్పలసూరి ఆ కుండ తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. "పురుగు పడితే పడనీ. ఇదెక్కడ పెట్టాలో నువ్వే సెప్పు."

పీకిన చేతులే మళ్ళీ కప్పు వేశాయి. కొన్నాళ్ళకి అసిరమ్మ కప్పు మీద కూడా ఒక కుండ లేచింది. నష్టపోయింది అప్పలసూరి ఒక్కడే. ఇదివరకు తిట్ల మధ్య దగ్గొచ్చి అతనికి కాస్త తెరిపి దొరికేది.