పదకొండో నంబరు లెన్సు మహిమ

గుడ్డి లెన్సు కొన్నవాడే అదృష్టవంతుడు! నమ్మరా? దూరాన్ని దగ్గరకు లాగే చవకరకం టెలిఫోటో ఒకటి నా దగ్గరుంది. ఫర్లాంగు అవతల నిలబడ్డ ఒంటె కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. కాకపోతే ఎండ ఉండాలి.

అపెర్చర్ అంటే లెన్సు కంటిపాప. దాని నంబరుకు తిక్క ఎక్కువ. నంబరు పెరిగేకొద్దీ కన్ను చిన్నదవుతుంది. డబ్బున్నవాళ్ల లెన్సులు రెండు పాయింటు ఎనిమిది దగ్గర బార్లా తెరుచుకుంటాయి. నాది పదకొండు. తలుపు సందులోంచి "ఎవరూ?" అని అడిగే రకం.

వెలుతురు చాలకపోతే షట్టర్‌ను నెమ్మది చేయాలి, అప్పుడు పరిగెత్తేదల్లా మరకైపోతుంది. లేదా ఐఎస్ఓ, అంటే వెలుతురును పట్టే శక్తి, పెంచాలి, అప్పుడు ఫోటో నిండా ఇసుక పోసినట్టుంటుంది. ఒమన్‌లో పుట్టినవాడికి ఇసుకంటే భయమా!

మా ఒంటెల పందేల్లో మామూలు జనం ఒంటెలు తెల్లవారకముందే పరిగెత్తాలి. పెద్దల ఒంటెలు టీవీ బండి వచ్చాక, ఎండలో. నిరుడు చీకటి పరుగులో నేను తీసిన ఒకే ఒక్క మరకను నలుగురు "మా ఒంటే!" అని పట్టుకెళ్లి అతిథులు కూర్చునే మజ్లిస్ గోడలకు తగిలించుకున్నారు. ఏ ఖరీదైన లెన్సు ఒక్క దెబ్బకు నలుగురిని సంతోషపెట్టగలదు చెప్పండి?

మొన్న శుక్రవారం నా లెన్సు ఇంకా పెద్ద మేలు చేసింది. మొదటి పరుగులో ఘాలియా అత్త ఒంటె, మా పందెం కమిటీ పెద్ద హిలాల్‌కు బావమరిదైన మతర్ ఒంటె ఇంచుమించు ఒక్కసారే గీత దాటాయి. గెలిచినదాని మెడకు కుంకుమపువ్వు పూస్తారు. ఆ పూత పడితేనే పెద్ద పందెంలో చోటు. వచ్చే ఏటికి అత్త ఒంటెకు వయసు దాటిపోతుంది. పాపం, భర్త పోయాక తన చేత్తో ఖర్జూరాలు తినిపించి పెంచుకున్న ఒంటె అది.

టీవీ బండి ఇంకా రాలేదు. అందరూ నా కెమెరా మీద పడ్డారు.

"రెండు మరకలున్నాయి కదరా సుహైల్! ఏది ఎవరిది?" అన్నాడు హిలాల్.

"ముందున్న మరక నాదే. దాని మూపురం నేనెరగనూ?" అంది అత్త.

"మరకకు మూపురమేంటి అత్తా, నవ్విపోతారు!" అన్నాడు హిలాల్.

"అత్త ఒంటే ముందు దాటింది, నా కళ్లతో చూశాను," అన్నాను.

"నీ కళ్లనెవడడిగాడ్రా? ఫోటో చెప్పాలి!"

ఫోటో నోరు విప్పలేదు. పూత మతర్ ఒంటెకని హిలాల్ తేల్చేశాడు. కమిటీకి ఎంత శ్రమ తప్పిందో చూశారా!

ఇంతలో సూర్యుడొచ్చాడు, వెనకే టీవీ బండీ వచ్చింది. కదలనిదాన్ని మంచి ఎండలో తీయడమే ఇలాంటి లెన్సుకు తగిన పని. మతర్ ఒంటె మెడకు కుంకుమపువ్వు పూస్తుంటే తీశాను. వెంట్రుక వెంట్రుకా పడింది! గోడంత పెద్దది చేసి తెమ్మన్నాడు హిలాల్.

చేసి తెచ్చాను. పెద్ద కన్నున్న లెన్సయితే వెనకున్నవాళ్లను మర్యాదగా మసక చేసేది. ఇరుకు కన్నుకు ఆ మర్యాద తెలియదు. పూత పూస్తున్న చేతుల వెనకే, తన ఒంటె మెడను పట్టుకుని నిలబడ్డ ఘాలియా అత్త కూడా అంతే స్పష్టంగా పడింది. ఏడవడం లేదు. హిలాల్‌నే చూస్తోంది.

ఆవిణ్ణి మసక చేసి ఇమ్మని హిలాల్ కబురు మీద కబురు పెడుతున్నాడు. అలాగైతే కమిటీ తరఫున నాకో రెండు పాయింటు ఎనిమిది లెన్సు కొనిపెట్టమన్నాను. కొంటే దాంతో మొట్టమొదట తీసేది చీకటి పరుగే. ఆ సంగతి తెలిసే కొనడం లేదు.