స్టూలుకు సమీకరణం

ఆ పొద్దున డ్రాఫ్ట్స్‌మన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తండ్రి వాకింగు నుంచి వచ్చేలోగా, చనిపోయిన తల్లి పేము స్టూలును కాస్త నీళ్ళలో ముంచి, తుడిచి, ఉన్నచోటే పెట్టేయడం.

ముంచడానికి కారణం ఉంది. కుర్చీల కంపెనీలో అతను ఇన్నేళ్ళూ చేత్తో బొమ్మలు గీశాడు. ఇకపై అన్నీ కంప్యూటరులోనే అన్నారు. ఇంట్లో ఉన్న ఏదైనా వస్తువును క్వాడ్రిక్ తలంగా, అంటే వర్గ సమీకరణానికి లొంగే వంపు ఆకారంగా, ఆ సమీకరణంతో సహా గీసి సాయంత్రానికి పంపాలి. కుదిరితే డ్రాయింగు విభాగం, లేకపోతే ప్యాకింగు.

గుడ్డు, గిన్నె, గరాటు, గుర్రపు జీను అన్నీ ఆ తలాల కుటుంబమేనని కంపెనీ పంపిన పాఠంలో ఉంది. అడ్డంగా కోస్తే ఏ ఆకారం వస్తుందో, నిలువుగా కోస్తే ఏది వస్తుందో తెలిస్తే బొమ్మ దానంతటదే లేస్తుందట. ముందురోజు గుడ్డు కోసి చూశాడు. ఉడకబెట్టాలని పాఠంలో లేదు.

స్టూలయితే నడుము సన్నగా, పైనా కిందా వెడల్పుగా, ఏటవాలు పేముపుల్లలతో అచ్చం పాఠంలోని హైపర్బొలాయిడే. కానీ కోయడానికి వీల్లేదు. తల్లి పోయినప్పటి నుంచీ అది కిటికీ పక్కనే ఉంది. పెద్దాయన దాని మీద ఎవరినీ కూర్చోనివ్వడు, తానూ కూర్చోడు. అందుకని కత్తికి బదులు నీలిమందు కలిపిన నీళ్ళు. ఎంతవరకు మునిగితే అక్కడ ఒక గీత. ఆ గీతే కోత.

"నీలిమందు మరక పోతుందా?" అని భార్యను అడిగాడు.

"తెల్లచొక్కాల మీదైతే ఒక్క ఉతుక్కే పోతుంది. మిగతావాటి మీద ఇంతవరకూ పోలేదు."

స్నానాలగది నేల తూము వైపు వాలు కాబట్టి, తెలివిగా తొట్టిని హాల్లో పెట్టించాడు. స్టూలు మునిగింది, గీత పడింది. పైకి తీసి చూస్తే, గీతకూ కూర్చునే అంచుకూ మధ్య దూరం కుడివైపు జానెడు, ఎడమవైపు నాలుగు వేళ్ళు.

"ఇదేమిటే, ఒక పక్కకి పోయింది? హాల్లో కూడా నేల వాలే అన్నమాట!" అంటూ తొట్టి కింద ఒక చెక్కముక్క దూర్చాడు. తొట్టి ఒరిగింది. నీలం నీళ్ళు హాలంతా పరుచుకుని, మూలనున్న నీళ్ళ గొట్టం పక్క సందులోంచి కింది వాటాలోకి దారి చూసుకున్నాయి.

కింది వాటావిడ మెట్లెక్కి వచ్చింది. "ఏమ్మా, మా వంటింట్లో పైనుంచి నీలం కారుతోంది! సిరా ఫ్యాక్టరీ పెట్టారా?"

"లేదండీ. మావారు చదువుకుంటున్నారు."

"ఈ వయసులోనా? పాపం, ఎందుకొచ్చిందమ్మా!"

ఆవిడ చూపు తొట్టి పక్కన తడిసి ఉన్న స్టూలు మీద పడింది. ఇంకేమీ అడగకుండా దిగిపోయి, ప్లంబరును పిలిపించి పైకి తోలింది. వాకింగు నుంచి వస్తూ ఎదురైన పెద్దాయనతో మాత్రం, "బాబాయిగారూ, పిన్నిగారి స్టూలు కడిగేస్తున్నారు. ఎవరికో ఇచ్చేస్తారు కాబోలు" అంది.

పైన ప్లంబరు రసమట్టం నేల మీద పెట్టి చూశాడు. "నేల తిన్నగానే ఉంది సార్. బుడగ నడిమధ్యన నిలబడింది, మీరే చూసుకోండి."

"మరి వాలిందేంటయ్యా?"

"మీ అమ్మరా."

గుమ్మంలో పెద్దాయన రొప్పుతూ నిలబడి ఉన్నాడు. "నేను వీధి మలుపు తిరగ్గానే కనపడాలని ఎడమకి ఒరిగి కూర్చునేది. తిన్నగా కూర్చోవే, స్టూలు పాడైపోతుందని రోజూ తిట్టేవాణ్ణి."

 ప్లంబరు చప్పుడు కాకుండా సామాను సంచిలో సర్దుకున్నాడు. "ఇంకా కారుతోందమ్మా!" అని కిందినుంచి కేక. 

మధ్యాహ్నానికి కంప్యూటరులో బొమ్మ లేచింది. నున్నగా, నిటారుగా, ఏ వంకా లేకుండా. పెద్దాయన వెనక నిలబడి చూశాడు.

"ఎవరిదిరా ఇది?"

"అమ్మదే నాన్నా."

"కాదు. కొట్లోది."

కాలేజీలో లెక్కలు చదివిన కోడలు నేల తుడుస్తూనే అంది: "అడ్డం కొలత ఎక్స్, ఎత్తు జెడ్ విడివిడిగా ఉన్నంతసేపూ అది తిన్నగానే ఉంటుందండీ. రెంటినీ గుణించిన ముక్కొకటి చేర్చండి, ఒరుగుతుంది."

చేర్చాడు. తెర మీద స్టూలు మెల్లగా ఎడమకు ఒరిగింది. పెద్దాయన కుర్చీ లాక్కుని, కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"ఇంకొంచెం... ఇంకాస్త... చాల్లేరా. మలుపు కనిపిస్తుంది."

సాయంత్రం ఆఫీసు నుంచి జవాబు వచ్చింది: "బాగుంది. తిన్నగా చేసి మళ్ళీ పంపండి." ఆ ఒక్క ముక్కా తీసేస్తే సరిపోతుంది. డ్రాఫ్ట్స్‌మన్ మీట మీద వేలు పెట్టాడు. పక్కన తండ్రి తెర వైపే తిరిగి, కుర్చీలోనే నిద్రపోతున్నాడు. ఆవిడ పోయాక పగలు ఆయన కన్ను మూయడం అదే మొదలు. కొడుకు వేలు తీసేశాడు.

ఇప్పుడతను ప్యాకింగులో ఉన్నాడు. స్టూలు కిటికీ పక్కకే చేరింది, నీలం గీత పోలేదు. ఆ ఇంట్లో తిన్నగా ఉన్నది నేల ఒక్కటేనని ప్లంబరు ఇప్పటికీ సాక్ష్యం చెబుతాడు.