పద్నాలుగు అక్షరాల క్షేమం

"అమెరికాలో తప్పిపోయిన తెలుగువాడంటూ ఇక ఉండడు!" అని 1984 అక్టోబరులో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఒక స్కూలు కెఫెటీరియాలో, తెలుగు సంఘం ప్రెసిడెంట్ శ్యామ్‌సుందర్ గారు ప్రకటించారు. పేరు కొట్టి మీట నొక్కితే చాలు, ఆ మనిషి ఎక్కడున్నదీ సంఘం కంప్యూటర్ చెప్పేస్తుంది. ఇంత పెద్ద మాట అనేముందు ఆయన కోటు బొత్తాం పెట్టుకోవడం మరిచిపోలేదు. జనం చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో దీనమ్మ మాత్రం కొట్టలేదు.

దీనమ్మ చెల్లెలు లూసీ నర్సు. రెండేళ్ళ కిందట ఉద్యోగం మారి టెక్సస్ వెళ్ళింది. "చేరగానే ఫోన్ చేస్తానక్కా" అంది ఎయిర్‌పోర్టులో. చేసింది కూడా. పోయిన క్రిస్మస్ తర్వాత ఆ ఫోను మూగబోయింది. రాసిన ఉత్తరాలు, అంటించినవి అంటించినట్టే, దీనమ్మ గుమ్మానికే తిరిగొస్తున్నాయి.

మర్నాడే ఆవిడ సంఘం ఆఫీసుకి, అంటే ప్రెసిడెంట్ గారి బేస్‌మెంట్‌కి, వెళ్ళింది. కంప్యూటర్ ముందు శశికళ కూచుని ఉంది. కార్ల కంపెనీలో ప్రోగ్రాములు రాసే పిల్ల. సంఘానికి ఉచిత సేవ. లూసీ పేరు కొట్టగానే ఆకుపచ్చ అక్షరాల్లో 'డివైడ్ బై జీరో' అని వచ్చింది. యంత్రం అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

"లూసీకి ఏమైనా అయిందంటోందా అమ్మా?"

"అయ్యో, లూసీ ఆంటీకి కాదు, ప్రోగ్రామ్‌కి అయింది. సున్నాతో భాగించమన్నామట. నావల్ల కాదంటోంది."

శశికళ డిబగ్గర్ తెరిచింది. యంత్రం కడుపులో ఏమున్నదీ ఉన్నదున్నట్టు చూపించే సాధనమది. తెర నిండా సున్నాలు.

"ఇక్కడ మెంబర్ల పేర్లుండాలి ఆంటీ. ఎంతమందో లెక్కపెట్టి, దాంతో భాగించి వెతకడం మొదలుపెడుతుంది. ఒక్క పేరు కూడా లేదు."

"మూడువేలమంది ఉన్నారన్నారే ప్రెసిడెంట్ గారు!"

"ఉన్నారు. ఎవరి పేరు ముందు ఎక్కించాలో తేలలేదు."

ఇది చిన్న సమస్య కాదు. అక్షరక్రమంలో ఎక్కిద్దామని ఒక సబ్‌కమిటీ వేశారు. ఇంటిపేరు అక్షరమా, సొంతపేరు అక్షరమా అన్న దగ్గర సబ్‌కమిటీ రెండుగా చీలింది. ప్రజాస్వామ్యం మీద గౌరవంతో రెండు ముక్కలూ చెరో ఛైర్మన్‌ను ఎన్నుకున్నాయి.

ప్రెసిడెంట్ గారు మెట్లు దిగి వచ్చి తెరను చూశారు.

"ఏంటమ్మా ఇది? శనివారం ఇనాగరేషన్ పెట్టుకుని!"

"పేర్లు ఎక్కిస్తే పోతుందంకుల్."

"పేర్లు పాలసీ మేటర్. నువ్వు టెక్నికల్ సైడ్ చూడు. ఆ మెసేజ్ మార్చగలవా?"

"డిబగ్గర్‌తో అక్షరాలు మార్చొచ్చు. కానీ తప్పు అలాగే ఉంటుంది కదా?"

"తప్పు ఎవరికి కనబడుతుందమ్మా? కనబడేది మెసేజే!"

ఎన్నో యూనివర్సిటీల్లో చదివిన శశికళకు కూడా ఈ కోణం తోచలేదు. నాయకత్వమంటే అదే.

'శ్యామ్‌సుందర్ గారి సౌజన్యంతో మీ ఆత్మీయులు లభించారు' అని పెట్టమన్నారు ఆయన. పాత మెసేజ్ ఇంగ్లీషులో ఖాళీలతో కలిపి పద్నాలుగు అక్షరాలు, కొత్తది అంతకు మించితే పక్కనున్న ప్రోగ్రాం చెడిపోతుందని శశికళ చెప్పింది. కార్యవర్గం మూడు సాయంత్రాలు కూచుంది. చివరికి ప్రెసిడెంట్ గారు తన పేరును త్యాగం చేశారు. ఇంగ్లీషులో సరిగ్గా పద్నాలుగు అక్షరాలకు 'ఫౌండ్ అండ్ సేఫ్' ఖాయమైంది.

శనివారం కెఫెటీరియా వేదిక మీదికి మొదట దీనమ్మనే పిలిచారు. ఆవిడ ఒక్క వేలితో లూసీ పేరు కొట్టింది.

'ఫౌండ్ అండ్ సేఫ్.'

హాలు దద్దరిల్లింది. దీనమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఎక్కడుందమ్మా?"

శశికళ తల వంచుకుంది. దీనమ్మ ఆ వంచిన తల వైపు కాసేపు చూసి, మళ్ళీ వేలెత్తి సత్యానందం అని కొట్టింది.

"వీరెవరండీ?" అన్నాడు సెక్రటరీ మోహన్, మైకు అందిస్తూ.

"మా ఆయన. నాలుగేళ్ళ కింద, ఈ పక్క ఊరు ట్రాయ్‌లోనే సమాధి చేశాం."

'ఫౌండ్ అండ్ సేఫ్.'

ప్రెసిడెంట్ గారే ముందు తేరుకున్నారు.

"చూశారా! మన సర్వీసు పరలోకం దాకా ఉంది!"

మళ్ళీ చప్పట్లు. మోహన్ ఆయన చెవి దగ్గరికి వంగాడు. "సార్, ఈయన పేరే ముందు ఎక్కిద్దాం. ఎలక్షన్లో నిలబడడు, ఏ వర్గమూ కాదు." ఛైర్మన్లిద్దరూ సరేనన్నారు. వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం సంఘం చరిత్రలో అదే మొదలు. శశికళ అక్కడికక్కడే పేరు ఎక్కించింది.

"అమ్మా, ఫొటో కోసం ఇంకొక్కసారి మీ చెల్లెలి పేరు కొట్టండి" అన్నారు ప్రెసిడెంట్ గారు.

దీనమ్మ కొట్టింది. భాగించడానికి ఇప్పుడు ఒక మనిషున్నాడు. యంత్రం శ్రద్ధగా వెతికి 'నాట్ ఇన్ లిస్ట్' అంది.

"ఇందాకటిదాకా శుభ్రంగా పనిచేసిందే! ఏం పాడుచేశావమ్మా?"

"ఇప్పుడే బాగైందంకుల్. మళ్ళీ ఇందాకటిలా కావాలంటే ఈ ఒక్క పేరూ తీసెయ్యాలి."

ప్రెసిడెంట్ గారు మోహన్‌ను చూశారు. మోహన్ ఛైర్మన్లను చూశాడు. ఎంతైనా మనోభావాల విషయం. అందరూ కలిసి దీనమ్మను చూశారు.

ఆవిడ కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది.

"తీసెయ్యమ్మా. ఆయనెక్కడున్నాడో నాకు తెలుసు."

శశికళ తీసేసింది. దీనమ్మ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ లూసీ పేరు మళ్ళీ కొట్టింది. వచ్చిన మాటల్ని పైకే, నెమ్మదిగా, రెండుసార్లు చదువుకుంది.