మీరు బాలు గారేనా?

ఆరునెలల తర్వాత ఆఫీసుకు వెళ్లే రోజు. బాలు వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదికల్లా నార్సింగిలో బయల్దేరాలి, ఎవరైనా అడిగితే నడక వల్ల తగ్గానని చెప్పాలి. బరువు తగ్గడానికి సర్జరీ చేయించుకున్నాడని తెలిస్తే, 'తిండి మానలేక కడుపు కోయించుకున్నాడు' అని నవ్వుతారని అతని భయం. అందుకే కాలు విరిగిందని సెలవు పెట్టి, ఆ తర్వాత ఇంటినుంచే పనిచేశాడు.

గేటు దగ్గర ముఖం గుర్తుపట్టే యంత్రం ఎర్రదీపం వెలిగించింది. సెక్యూరిటీ ఐలయ్య కార్డు అందుకుని ఫొటో వంకా, మనిషి వంకా మార్చి మార్చి చూశాడు.

"జర ఆగుండ్రి. గీ ఫొటోల సారు వేరే గదా?"

"నేనే ఐలయ్యా, బాలుని! సన్నబడ్డానంతే."

"బాలు సార్ నాకెరుక లేదా? నాలుగు మెట్లెక్కితె ఆయాసమొచ్చి నా కుర్సీలనే కూసుంటుండె."

పైన హెచ్ఆర్ దగ్గరికి పదమన్నాడు. లిఫ్టు రాలేదు. మూడో అంతస్తు చేరేసరికి ఆయాసపడుతున్నది ఐలయ్యే. దాంతో అతని అనుమానం రూఢి అయిపోయింది.

హెచ్ఆర్ రసజ్ఞ కొత్తగా చేరింది. మేనేజర్ ఆదర్శ్ ఇన్నాళ్లూ బెంగళూరు నుంచి ఫోన్‌లోనే బాలుతో మాట్లాడాడు. ఇద్దరూ అతన్ని చూసినవాళ్లు కారు. ఇంటర్వ్యూ ఒకరిచ్చి ఉద్యోగానికి మరొకరు రావడం ఈ చుట్టుపక్కల కొత్తేమీ కాదు. ప్రాక్సీ అని ముద్రపడితే ఈ ఉద్యోగమే కాదు, హైటెక్ సిటీలో మరో గడప తొక్కనివ్వరు.

"బాలు గారికి షుగరుంది. మీకు?" అంది రసజ్ఞ.

"మాత్రలు ఆపేశారండీ. బీపీ కూడా తగ్గింది."

"ఫోన్ మీటింగుల్లో ఆయన గురక వినిపించేది," అన్నాడు ఆదర్శ్.

"అదీ పోయిందండీ."

ఆదర్శ్, రసజ్ఞ ముఖాలు చూసుకున్నారు. ఏ జబ్బు తగ్గిందన్నా అది అతని మెడకే చుట్టుకుంటోంది. ఇక లాభంలేదని బాలు సర్జరీ సంగతి కక్కేశాడు.

"మరి కాలు విరిగిందన్నారే! ఏ కాలండీ?" అన్నాడు ఆదర్శ్.

ఏ కాలని రాశాడో బాలుకు గుర్తురాలేదు.

"మేడం, బిర్యానీ ముంగట పెట్టుండ్రి. అసలు సారో కాదో తెలుస్తది," అన్నాడు ఐలయ్య.

క్యాంటీన్ నుంచి ప్లేటు వచ్చింది. ఉద్యోగం కోసం బాలు కళ్లు మూసుకుని ఒక ముద్ద మింగాడు. రెండో ముద్దకే కడుపు నిండిపోయి ప్లేటు పక్కకు జరిపాడు.

"సూసిండ్రా! బాలు సార్ ఒక్క మెతుకు ఇడిసిపెట్టకపోతుండె!"

బాలుకు ఏడుపొక్కటే తక్కువ. "మా ఆవిడకు వీడియో కాల్ చేయండి," అని బతిమాలాడు. రసజ్ఞ ఆఫీసు రికార్డులో ఉన్న నంబరుకే చేసింది. ఉమాశ్రీ కనిపించింది. ఆవిడకు భర్తకన్నా ముందు ప్లేటు కనిపించింది.

"ఏమండీ! ఆ బిర్యానీ ఏంటండీ? మీ ఆపరేషన్ అయ్యేదాకా నేను ప్రాణాలు అరచేత పెట్టుకుని కూర్చున్నది ఇందుకేనా? ఇంట్లో పెసరట్టు ముక్క పెడితే చాలు చాలంటారు, అక్కడ లాగిస్తున్నారా! ఆఫీసు ఆఫీసని తొందరపడ్డప్పుడే అనుకున్నాను!"

'ఈయన మీ భర్తేనా' అని అడగాల్సిన పని రసజ్ఞకు లేకుండా పోయింది. ఐలయ్య సెల్యూట్ కొట్టాడు.

"బాలు సారే, మేడం. గిన్ని తిట్లు పరాయోడైతే పడడు."

"రెండే ముద్దలు, ఉమా! వీళ్లే తినమన్నారు!"

అవునని రసజ్ఞ చెప్పింది. నిజమేనని ఆదర్శ్ కూడా చెప్పాడు.

"మీరందరూ ఒక్కటే!" అని ఉమాశ్రీ ఫోన్ పెట్టేసింది.

అతనే బాలు అని కంపెనీ ఆ సాయంత్రమే ఒప్పుకుంది. రెండు ముద్దలే తిన్నాడని ఉమాశ్రీ ఇంతవరకూ ఒప్పుకోలేదు.